అక్వేరియం మొక్కల పెంపకంలో ప్రచార వాదనలు: నియంత్రిత ప్రయోగంతో పరీక్షించే విధానం

సారాంశం

అక్వేరియం మొక్కల కోసం అమ్మే ద్రవ ఎరువులు, సూక్ష్మజీవి ద్రావణాలు, అడుగు మట్టి మిశ్రమాల గురించి వినిపించే వాదనలలో కొన్ని నిజమైనవి, కొన్ని షరతులకు లోబడి నిజమైనవి, మరికొన్ని పరీక్షకు నిలువనివి. వీటిని వేరు చేయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పోల్చదగిన తొట్లు, సరైన ప్రయోగ రూపకల్పన, ముందుగా నిర్ణయించుకున్న కొలత ఉంటే సరిపోతుంది. ఇబ్రహీంపట్నం పరిసరాల నీటి పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని 20 తొట్లతో చేయదగిన ఒక ప్రయోగాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ ప్రయోగ ఫలితం నుంచి కృష్ణా డెల్టా చెరువులకు ఏమి చెప్పవచ్చో, ఏమి చెప్పరాదో కూడా చర్చిస్తుంది.

సమస్య స్వరూపం

ఇంటిలో అక్వేరియం పెంచే వ్యక్తి మొక్కలు వాడిపోతున్నాయని ఒక సీసా టానిక్ కొని తొట్టిలో పోస్తాడు. మూడు వారాలలో కొత్త ఆకులు వస్తాయి. టానిక్ పనిచేసిందని ఆయన నమ్ముతాడు, మరో నలుగురికి చెబుతాడు. ఆయన చూసినది నిజమే; కొత్త ఆకులు వచ్చాయి. అయితే వాటికి టానిక్ కారణమన్నది ఆయన చూసిన విషయం కాదు, ఊహించిన విషయం. టానిక్ పోయని తొట్టి ఆ మూడు వారాలలో ఎలా ఉండేదో ఆయనకు తెలిసే మార్గం లేదు.

అక్వేరియం మొక్కలలో ఈ పొరపాటుకు అవకాశం మరీ ఎక్కువ. క్రిప్టోకొరైన్ మొక్కను ఒక తొట్టి నుంచి మరో తొట్టికి మార్చినప్పుడు ఆకులు కరిగిపోయినట్లు కుళ్లి రాలిపోవడం, వేరుకాండం బతికి ఉంటే కొన్ని వారాలలో తిరిగి చిగుర్చడం సాధారణంగా జరిగేదే. నర్సరీలలో నీటిపైన గాలిలో పెంచిన అనేక మొక్కలు నీట మునిగిన తరువాత పాత ఆకులను రాల్చి, నీటికి తగిన కొత్త ఆకులను తొడుగుతాయి. పెంపకందారుడు మందు కోసం వెదికేది మొక్క అతి హీనస్థితిలో ఉన్నప్పుడే. అందువల్ల ఆ సమయంలో ఏ సీసా పోసినా, తరువాత సహజంగా వచ్చే కోలుకోలు ఆ సీసా ఖాతాలో చేరుతుంది. మొక్క చనిపోయినవారు సాధారణంగా తమ అనుభవాన్ని ప్రచారం చేయరు కనుక, వినిపించే అనుభవాలలో విజయాల పాలే ఎక్కువగా ఉంటుంది.

ఇబ్రహీంపట్నంలో దీనికి మరో కారణం తోడవుతుంది. విజయవాడకు వాయవ్యంగా, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా తీరంలో ఉన్న ఈ ఊరి ఫెర్రీ వద్ద, 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకం మొదలైనప్పటి నుంచి గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మార్గంలో వచ్చి కృష్ణలో కలుస్తున్నది. ఏ నెలలో ఏ నది నీరు ఎంత పాలు ఉన్నదన్న దానిని బట్టి ఇక్కడి నదీజలంలో ఒండ్రు, లవణాలు, క్షారత మారగలవు. జూన్ నెలలో టానిక్ లేకుండా, ఆగస్టులో టానిక్‌తో తొట్టిని చూసి పోల్చినవారు నిజానికి రెండు వేర్వేరు నీళ్లను, రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలను, రెండు వేర్వేరు వెలుతురులను కూడా పోల్చినట్లే. ‘ముందు–తరువాత’ పోలిక ఏ ప్రాంతంలోనైనా బలహీనమైన సాక్ష్యమే. ఇక్కడ అది మరింత బలహీనం.

ఇందులో ఇమిడి ఉన్న నష్టం ఒక ఇంటి తొట్టితో ఆగదు. కైకలూరు, ముదినేపల్లి, బంటుమిల్లి ప్రాంతాల చేపల, రొయ్యల చెరువులలో ఇదే తర్కంతో జియోలైటు, ప్రోబయోటిక్కులు, ఖనిజ మిశ్రమాలు ఎకరాల లెక్కన వాడుతున్నారు. పక్క చెరువులో పంట బాగా వచ్చిందన్నదే చాలాసార్లు కొనుగోలుకు ఆధారం. “ఈ మందు వాడమంటారా?” అని రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగినప్పుడు, ఆయన ఇచ్చే సమాధానం రైతు పెట్టుబడిని నిర్ణయిస్తుంది. అటువంటి సమాధానానికి ఏ సాక్ష్యం సరిపోతుందో విద్యార్థి దశలోనే నేర్చుకోవడానికి అక్వేరియం చవకైన, వేగవంతమైన సాధనం.

వాదనను పరీక్షకు అనువుగా మార్చడం

“ఈ ద్రావణం మొక్కలకు కొత్త జీవం ఇస్తుంది” అన్న వాక్యాన్ని ఏ ప్రయోగమూ తప్పని తేల్చలేదు, ఎందుకంటే ఏ ఫలితం వచ్చినా దానికి అనుకూలంగా వ్యాఖ్యానించవచ్చు. పరీక్షించదగిన వాదనలో ఐదు అంశాలు స్పష్టంగా ఉండాలి: ఏ మొక్క, ఏ పరిస్థితులలో, ఎంత మోతాదు, ఎంత కాలం, ఏ కొలతలో ఎంత మార్పు. పై వాక్యాన్ని “20 లీటర్ల నీటిలో, చేపలు లేకుండా, సూచించిన మోతాదులో ఈ ద్రావణం వేస్తే 28 రోజులలో హైడ్రిల్లా పొడి బరువు ద్రావణం లేని తొట్టి కంటే ఎక్కువగా పెరుగుతుంది” అని మార్చినప్పుడు అది తప్పు కావడానికి అవకాశం ఏర్పడుతుంది. ఆ అవకాశం ఉన్నందువల్లనే అది శాస్త్రీయ వాదన అవుతుంది.

జాతిని పేర్కొనడం ఎందుకు ముఖ్యమో కార్బన్ డయాక్సైడ్ ఉదాహరణ చూపుతుంది. “నీటి మొక్కలన్నింటికీ సిలిండరుతో కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలి” అన్నది తరచుగా వినిపించే మాట. హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మొక్కలు నీటిలోని బైకార్బొనేటును కూడా కర్బన మూలంగా వాడుకోగలవు. నీటిలో పెరిగే మాస్ జాతులు సాధారణంగా కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌పైనే ఆధారపడతాయి. కాబట్టి ఒకే నీటిలో, ఒకే వెలుతురులో ఒక జాతికి నిజమైన వాదన మరో జాతికి నిజం కాకపోవచ్చు. జాతి పేరు లేని సిఫారసు సగం సిఫారసే.

చరిత్ర నేర్పిన పాఠాలు

1771లో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి మండి చెడిపోయిన గాలిని పుదీనా మొక్క తిరిగి బాగుచేస్తుందని గమనించాడు. అయితే ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు. కారణం, వెలుతురును ఎవరూ ఒక ప్రత్యేక అంశంగా నియంత్రించకపోవడం. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ ఆకులను నీటిలో ముంచి, ఎండలోను చీకటిలోను పోల్చి చూశాడు. వెలుతురులో ఆకుపచ్చని భాగాల నుంచి మాత్రమే బుడగలు వస్తున్నాయని, సూర్యుని వేడిమి కాక వెలుగే అందుకు కారణమని తేల్చాడు. నేడు పాఠశాలలో బీకరు, గరాటు, పరీక్షనాళికలతో చేయించే హైడ్రిల్లా ప్రయోగం ఆ సంప్రదాయానికి చెందినదే. ఒక్కొక్క అంశాన్ని విడదీసి మార్చినప్పుడే కారణం బయటపడిందన్నది దీని సారాంశం.

రెండవ పాఠం రోథమ్‌స్టెడ్ నుంచి వచ్చింది. జాన్ బెన్నెట్ లాస్ 1842లో సూపర్ ఫాస్ఫేటు తయారీకి పేటెంటు పొందిన వ్యాపారి. మరుసటి సంవత్సరం ఆయన, రసాయన శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ కలిసి ప్రారంభించిన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగంలో ఏ ఎరువూ వేయని మడి ఒకటి ఉన్నది. మొక్కలకు కావలసిన నత్రజని వాతావరణం నుంచి తగినంత అందుతుందని ఆనాటి మహా రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ వాదించాడు. నత్రజని ఎరువు వేసిన మళ్లు, వేయని మళ్లు పక్కపక్కనే ఉండి ఆ వాదన గోధుమకు చెల్లదని చూపాయి. వాదించినవాని ప్రతిష్ఠ కాని, పరీక్షించినవాని వ్యాపార ప్రయోజనం కాని ఫలితాన్ని మార్చలేకపోవడానికి కారణం ఆ నియంత్రణ మడి. 1919లో అదే కేంద్రంలో చేరిన రొనాల్డ్ ఫిషర్ యాదృచ్ఛికీకరణ, పునరావృతం, స్థానిక నియంత్రణ అనే మూడు సూత్రాలను రూపొందించి, 1935 నాటి గ్రంథంలో సమగ్రంగా వివరించాడు. భారతీయ వ్యవసాయ విద్యార్థులకు ఈ సూత్రాలు ప్రధానంగా 1954లో వెలువడిన పాన్సే, సుఖాత్మేల గ్రంథం ద్వారా చేరాయి.

ఫాస్ఫేటు – శైవలాల వివాదం

అక్వేరియం రంగంలో బాగా ప్రచారమైన వాదన ఒకటి ఉన్నది. నీటిలో ఫాస్ఫేటు పెరిగితే శైవలాలు పెరుగుతాయన్నది దాని సారం. 1996లో సియర్స్, కాన్లిన్ అనే ఇద్దరు పెంపకందారులు, ఫాస్ఫేటును కొరతగా ఉంచి మిగిలిన పోషకాలను సమకూర్చితే మొక్కలు గెలిచి శైవలాలు తగ్గుతాయని ప్రతిపాదించారు. తరువాతి కాలంలో ఇతర పెంపకందారులు, మొక్కలు దట్టంగా ఉన్న తొట్లలో ఫాస్ఫేటును కావాలనే కలిపి, శైవలాలు విజృంభించకపోవడాన్ని గమనించారు. “అధిక ఫాస్ఫేటు ఉంటే శైవలాలు తప్పవు” అన్న సార్వత్రిక వాక్యాన్ని ఖండించడానికి జాగ్రత్తగా చూసిన ఇటువంటి తొట్టి ఒక్కటైనా చాలు. అయితే “ఫాస్ఫేటుకు శైవలాలతో సంబంధమే లేదు” అని చెప్పడానికి ఎన్ని తొట్లయినా చాలవు.

ఎందుకంటే మరోవైపు బలమైన ప్రయోగ సాక్ష్యం ఉన్నది. కెనడాలోని ఒంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226వ సంఖ్య గల సరస్సును మధ్యలో తెరతో రెండుగా విభజించింది. రెండు భాగాలకూ కర్బనం, నత్రజని ఇచ్చి, ఒక భాగానికి మాత్రమే అదనంగా ఫాస్ఫరస్ ఇచ్చింది. ఫాస్ఫరస్ ఇచ్చిన భాగం నీలి ఆకుపచ్చ శైవలాలతో నిండిపోయింది. రెండవ భాగం దాదాపు యథాతథంగా ఉన్నది. ఈ రెండు ఫలితాలు ఒకదానికొకటి విరుద్ధం కావు. నీటిలో తేలే శైవలాలే ప్రధాన ఉత్పత్తిదారులైన సరస్సు వేరు. వేళ్లూనిన మొక్కలు దట్టంగా ఉండి, వెలుతురును, పోషకాలను పంచుకొనే చిన్న తొట్టి వేరు. ప్రయోగ ఫలితం ఏ పరిస్థితులలో వచ్చిందో ఆ పరిస్థితులను వదిలిపెట్టి వాక్యాన్ని మాత్రమే మోసుకొని వచ్చినందువల్లనే వివాదం ఏర్పడింది.

20 తొట్ల ప్రయోగ రూపకల్పన

సూక్ష్మజీవులు ఉన్నాయని చెప్పే ఒక ద్రావణాన్ని పరీక్షించవలసి ఉన్నదనుకుందాం. ద్రావణం వేసిన తొట్టిని, వేయని తొట్టిని మాత్రమే పోల్చితే ద్రావణంలో ఏది పనిచేసిందో తెలియదు. సీసాలో సూక్ష్మజీవులతో పాటు నత్రజని, పొటాష్ కూడా ఉండవచ్చు. అందువల్ల నాలుగు చర్యలు అవసరం.

మొదటి చర్య: ద్రావణం బదులు అంతే పరిమాణం గల సాధారణ నీరు.
రెండవ చర్య: సూచించిన మోతాదులో ద్రావణం.
మూడవ చర్య: అదే ద్రావణాన్ని 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, 15 పౌండ్ల పీడనంతో 20 నిమిషాలు ఆటోక్లేవ్‌లో ఉంచి, చల్లార్చి, అదే మోతాదులో వేయడం.
నాలుగవ చర్య: విశ్లేషణలో ద్రావణంలో ఉన్నట్లు తేలిన నత్రజని, ఫాస్ఫరస్, పొటాషియంలను పొటాషియం నైట్రేటు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు వంటి సాధారణ లవణాలతో అంతే మొత్తంలో ఇవ్వడం. ద్రావణంలో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంటే లవణం కూడా ఆ రూపంలోనే ఉండాలి.

ప్రతి చర్యకు 5 పునరావృతాలు, మొత్తం 20 తొట్లు. ఒకే తొట్టిలో నాటిన 5 మొక్కలు 5 పునరావృతాలు కావు. ఆ నీటికి ఏ మార్పు జరిగినా 5 మొక్కలకూ కలిసే జరుగుతుంది. ఇటువంటి లెక్కను మిథ్యా పునరావృతమని హర్ల్‌బర్ట్ 1984లో ప్రచురించిన సమీక్షా వ్యాసం ఎత్తిచూపింది. చర్యను ఏ ప్రమాణానికి విడిగా ఇస్తామో ఆ ప్రమాణమే ప్రయోగ ప్రమాణం. ఇక్కడ అది తొట్టి.

కిటికీకి దగ్గరగా ఉన్న వరుసకు ఎక్కువ వెలుతురు, గోడ పక్క వరుసకు తక్కువ వెలుతురు అందుతుంది. కాబట్టి కిటికీ నుంచి దూరాన్ని బట్టి 5 బ్లాకులు చేసి, ప్రతి బ్లాకులో 4 తొట్లు ఉంచి, ఏ తొట్టికి ఏ చర్య అన్నది చీటీలతో నిర్ణయించాలి. నీటినంతటినీ ఒకే రోజున ఒకే పెద్ద డ్రమ్ములో పట్టి, క్లోరిన్ పోయేటట్లు గాలి ఆడించి, కలియబెట్టి పంచాలి. నదీజలం నెలనెలా మారే ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ ఒక్క జాగ్రత్త అనేక సందేహాలను తొలగిస్తుంది. ఆవిరైన మేరకు లవణాలు తీసిన నీటితో భర్తీ చేయాలి. చేపల విసర్జనలు అమ్మోనియాను చేర్చుతాయి కనుక మొదటి ప్రయోగంలో చేపలు ఉండరాదు.

హైడ్రిల్లాను ఒకే చోటి నుంచి సేకరించి, 10 సెంటీమీటర్ల కొన ముక్కలను సమాన బరువు గల కట్టలుగా చేసి నాటాలి. సీసాలకు పేర్లు కాక క, చ, ట, త అనే గుర్తులు ఉండాలి; ఏ గుర్తు ఏ చర్యదో బరువు తూచే వ్యక్తికి తెలియరాదు. ద్రావణానికి రంగు ఉంటే తొట్టిని చూడగానే గుర్తుపట్టవచ్చు. కనుక మొక్కలను తీసి కడిగే పని ఒకరు, తూచే పని వేరొకరు చేయడం మంచిది. రంగు నీటిలో వెలుతురు తగ్గించే అవకాశాన్ని కూడా నమోదు చేసుకోవాలి.

కొలత

బుడగల లెక్క విద్యార్థులకు ఆసక్తికరమైనది, కాని పరిమాణాత్మక కొలతగా బలహీనమైనది. బుడగల పరిమాణం ఒకేలా ఉండదు. నీరు వేడెక్కినప్పుడు కరిగిన వాయువులు కూడా బుడగలుగా వెలువడతాయి. తడి బరువులో ఆకులకు అంటుకున్న నీరు చేరుతుంది. అందువల్ల ఓవెన్‌లో 65–70 డిగ్రీల వద్ద బరువు స్థిరపడే వరకు ఆరబెట్టి తూచిన పొడి బరువును ప్రధాన కొలతగా ముందే ప్రకటించాలి. ప్రారంభ పొడి బరువు కోసం నాటే రోజున కొన్ని అదనపు కట్టలను ఆరబెట్టాలి. ప్రతి తొట్టిలో ఒక గాజు పలకను వేలాడదీసి, చివరి రోజున దానిపై పేరుకున్న శైవలాలను గీకి తూచితే శైవలాల గురించిన వాదనను కూడా అదే ప్రయోగంలో చూడవచ్చు.

పెరుగుదలను సాపేక్ష వృద్ధి రేటుగా లెక్కించాలి. ఉదాహరణకు 28 రోజులలో ఒక కట్ట 2 గ్రాముల నుంచి 4 గ్రాములకు, మరొకటి 5 నుంచి 7 గ్రాములకు పెరిగితే, రెండింటి పెరుగుదలా 2 గ్రాములే. కాని తుది, తొలి బరువుల సహజ సంవర్గమానాల భేదాన్ని రోజులతో భాగించినప్పుడు మొదటి దాని రేటు రోజుకు 0.025, రెండవ దాని రేటు 0.012. మొదటి కట్ట రెట్టింపు వేగంతో పెరిగినదన్న విషయం కేవలం గ్రాములలో కనిపించదు.

ఫలితాలను చదవడం

రెండవ, మూడవ, నాలుగవ చర్యలు ఒకదానికొకటి సమానంగా ఉండి మొదటి దానికంటే మెరుగైతే, ద్రావణం పనిచేసింది. కాని పనిచేసినవి అందులోని సాధారణ పోషకాలే. అప్పుడు సీసా ధరను లవణాల ధరతో పోల్చవలసి ఉంటుంది. రెండవ చర్య మాత్రమే మిగిలినవాటిని మించితే, వేడికి నశించే అంశమేదో పనిచేసింది. అది సూక్ష్మజీవి కావచ్చు, హార్మోను కావచ్చు, విడదీయడానికి మరో ప్రయోగం కావాలి. రెండవ, మూడవ చర్యలు సమానంగా ఉండి నాలుగవ దానిని మించితే, వేడికి నిలిచే వేరే పదార్థమేదో, బహుశా సూక్ష్మపోషకం, ఉన్నదని అనుమానించాలి. నాలుగు చర్యల మధ్య భేదం కనిపించకపోతే జాగ్రత్త మరింత అవసరం.

‘భేదం కనిపించలేదు’, ‘భేదం లేదు’ అన్నవి వేర్వేరు వాక్యాలు. 4 చర్యలు, 5 బ్లాకులు ఉన్నప్పుడు దోషానికి 12 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మిగులుతాయి. సాధారణంగా కోరే కనీస సంఖ్య ఇదే. తొట్ల మధ్య విచలన గుణకం 20 శాతం అనుకుంటే, రెండు సగటుల భేదానికి ప్రామాణిక దోషం 12.6 శాతం, 5 శాతం స్థాయిలో క్రిటికల్ డిఫరెన్స్ దాదాపు 27.6 శాతం. అంటే 15 శాతం నిజమైన ప్రయోజనం ఉన్నా ఈ ప్రయోగం దానిని చాలావరకు గుర్తించలేదు. పునరావృతాలను 10కి పెంచితే క్రిటికల్ డిఫరెన్స్ దాదాపు 18.4 శాతానికి తగ్గుతుంది. కాబట్టి ఎంత భేదం ఉంటే రైతుకు లేదా పెంపకందారునికి ఖర్చు గిట్టుబాటవుతుందో ముందుగా నిర్ణయించి, దానిని గుర్తించగల తొట్ల సంఖ్యను ఆ తరువాత ఎంచుకోవాలి. ప్రయోగం ముగిశాక పది కొలతలలో భేదం కనిపించిన ఒక్కదానినే ఎంచి చూపడం ఈ క్రమాన్నంతటినీ నిష్ఫలం చేస్తుంది.

తొట్టి నుంచి చెరువుకు

తొట్టిలో నిలిచిన వాదన చెరువులో నిలుస్తుందని చెప్పలేము. జియోలైటు ఇందుకు మంచి ఉదాహరణ. మంచినీటిలో అది అమ్మోనియం అయాన్లను పట్టి ఉంచగలదు. ఉప్పునీటిలో అధికంగా ఉండే సోడియం వంటి అయాన్లు అదే స్థానాలకు పోటీపడటం వల్ల ఆ సామర్థ్యం బాగా తగ్గుతుంది. మంచినీటి తొట్టిలో వచ్చిన ఫలితాన్ని చూపి తీరప్రాంతపు ఉప్పునీటి రొయ్యల చెరువుకు సిఫారసు చేయడం, సరస్సు ఫలితాన్ని అక్వేరియానికి వర్తింపజేసినటువంటి పొరపాటే. తొట్టి ప్రయోగం చేయగలిగినది వడపోత: తొట్టిలోనే ఏమీ చూపలేని ఉత్పత్తిని వెనుకకు నెట్టి, చూపిన దానిని చెరువు స్థాయి పరీక్షకు పంపడం.

ఆ రెండవ దశలో కృషి విజ్ఞాన కేంద్రాల పాత్ర కీలకమైనది. క్షేత్ర పరీక్షకు, ప్రథమ శ్రేణి ప్రదర్శనకు ఉన్న భేదాన్ని ఇక్కడ గట్టిగా పాటించాలి. ప్రదర్శన అనేది ఇప్పటికే నిరూపితమైన విధానాన్ని రైతుకు చూపడం. పరీక్ష అనేది ఇంకా తేలని విషయాన్ని తేల్చడం. తేలని ఉత్పత్తిని ఒకే చెరువులో వేసి రైతులను పిలిచి చూపితే, పరీక్ష జరగకుండానే శాస్త్రవేత్త ఆమోదముద్ర పడుతుంది. చెరువు పరీక్షలో ప్రయోగ ప్రమాణం చెరువే కనుక, ఒకే చెరువు నుంచి 50 చేపలను తూచినా అది ఒక్క పునరావృతమే. పలువురు రైతుల వద్ద, ఒక్కొక్కరి రెండు పోల్చదగిన చెరువులలో దేనికి ఉత్పత్తి వేయాలో చీటీ వేసి నిర్ణయిస్తే, ప్రతి రైతూ ఒక బ్లాకు అవుతాడు. పంటలకు వాడే జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చి, సామర్థ్య ప్రయోగాల సమాచారాన్ని కోరడం కూడా ఈ దిశలోని చర్యే.

ప్రయోగం ముగిసిన మొక్కలను కాలువలో కాని నదిలో కాని పారవేయరాదు. ఎండబెట్టి కంపోస్టు చేయాలి. డెల్టా కాలువలను కప్పివేస్తున్న గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అలంకార మొక్కగా లోకమంతటా వ్యాపించినదన్న సంగతి విద్యార్థులకు గుర్తు చేయడం అవసరం.

“ఈ మందు వాడమంటారా?” అన్న ప్రశ్నకు విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వగల నిజాయితీగల సమాధానాలు మూడు. పరీక్షించి నిలిచినట్లయితే, ఏ నీటిలో, ఏ మోతాదులో, ఎంత భేదం వచ్చిందో చెప్పి, ఖర్చుతో పోల్చి చూపడం. పరీక్షించి నిలువనట్లయితే, ఎంత భేదాన్ని గుర్తించగల పరీక్షలో నిలువలేదో చెప్పడం. పరీక్షించనట్లయితే, ఆ మాటే చెప్పి, రైతుకు ఉన్న చెరువులలో ఒకదానిని మందు వేయకుండా వదిలిపెట్టి, మిగిలిన యాజమాన్యమంతా రెండింటికీ ఒకేలా చేసి, పట్టుబడి లెక్కలు విడివిడిగా రాసిపెట్టమని కోరడం. ఒక్క రైతు చేసిన ఆ పోలిక నిర్ణయాత్మకం కాదు. కాని ఒకే మండలంలో పదిమంది రైతులు అదే విధంగా, చీటీ వేసి ఎంచిన చెరువులతో లెక్కలు రాస్తే, అది పది బ్లాకుల ప్రయోగం అవుతుంది.